జె.ఆర్.ని కాల్చిందెవరో మా అల్లుడికి తెలియదు

ముందే ఒప్పేసుకుంటాను. పురుడు పొయ్యడానికని అమెరికా వెళ్లినదాన్ని, పసివాణ్ని కాళ్లమీద వేసుకుని నూనె రాసి నీళ్లు పోసే పనేదో చూసుకోక, ఒక సీరియల్ వాళ్ల ఇల్లు చూడ్డానికి వెళ్లాను. అదీ అమెరికా సీరియల్. అదీ 1991లోనే అయిపోయిన సీరియల్. కాకినాడ నుంచి మా వదిన ఫోన్ చేసి "నయాగరా చూశావా?" అంటే, "లేదొదినా, సౌత్‌ఫోర్క్ చూశాను" అన్నాను. "అదేం గుడే?" అంది.

గుడి కాదండీ. కానీ అక్కడికి వచ్చినవాళ్ల మొహాలు చూస్తే మాత్రం మొక్కు తీర్చుకోవడానికి వచ్చినట్టే ఉన్నారు.

మా అమ్మాయి వాళ్లు ఉండేది టెక్సస్‌లో ప్లేనో అనే ఊళ్లో. డాలస్ మహానగరానికి ఉత్తరాన ప్లేనో, ఫ్రిస్కో, అలెన్ వైపంతా మనవాళ్లే. కరివేపాకు నుంచి కందిపొడి దాకా అన్నీ దొరుకుతాయి. ఆ పక్కనే పార్కర్ అని చిన్న ఊరు. పచ్చిక బయళ్ల మధ్య, ఎదర తెల్లటి స్తంభాలతో ఒక మేడ, అదే సౌత్‌ఫోర్క్. మా అల్లుడు కారులో వెళ్తూ వెళ్తూ దాని బోర్డు చూపించి, "ఏదో పాత సీరియల్ తీసిన ఇల్లట అత్తయ్యగారూ" అన్నాడు. ఏ సీరియల్ బాబూ అంటే, "డాలస్" అన్నాడు. నేను సీట్లోంచి లేచినంత పని చేశాను. "జె.ఆర్.ని కాల్చింది ఈ ఇంటివాళ్లేనా!" అన్నాను. "ఏ జె.ఆర్.? ఎన్టీఆరా?" అన్నాడు. ఏం చేస్తాం, 1990 తర్వాత పుట్టిన పిల్లలు.

నాకెలా తెలుసని మీరడగాలి. నేను బీఎస్సీ చదివేటప్పుడు, 1980లో, మా కాలేజీ లైబ్రరీకి టైమ్ పత్రిక వచ్చేది. ఆ ఆగస్టులో ఒక సంచిక అట్టమీద టోపీ పెట్టుకున్న ఒక మనిషి బొమ్మ వేశారు. ఈయన్ని ఎవరు కాల్చారు అని లోపల పేజీలకు పేజీలు. ఎవరో పెద్ద రాజకీయ నాయకుడు కాబోలు, పాపం అనుకున్నాను. తీరా చదివితే ఆయన మనిషే కాదు, టీవీ సీరియల్లో పాత్ర! అప్పటికి మా ఇంట్లో టీవీయే లేదు. ఒక దేశం దేశమంతా లేని మనిషిని ఎవరు కాల్చారా అని వేసవంతా బుర్ర బద్దలు కొట్టుకుంటోందంటే నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు నాకు 2008లో తిరిగి తగిలింది, ఆ సంగతి తర్వాత చెబుతాను.

సరే, కథ తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. చమురు బావులతో కోట్లు గడించిన యూయింగ్ కుటుంబం. పెద్దాయన జాక్, ఇల్లాలు మిస్ ఎల్లీ. పెద్దకొడుకు జె.ఆర్., నవ్వుతూ గొంతు కోసే రకం. ఆ వేషం వేసిన లారీ హాగ్‌మన్ నవ్వు చూస్తే ఆస్తి పత్రాలు బీరువాలో పెట్టి తాళం వెయ్యాలనిపిస్తుంది. చిన్నకొడుకు బాబీ, మంచివాడు. ఆ మంచివాడు చేసిన పనల్లా తమ బద్ధశత్రువుల ఇంటి పిల్ల పమేలాని పెళ్లి చేసుకుని ఇంటికి తీసుకురావడం. 1978 ఏప్రిల్ 2న మొదలైన కథ అదే. డేవిడ్ జేకబ్స్ అనే ఆయన రాస్తే, ఎందుకైనా మంచిదని ముందు అయిదు ఎపిసోడ్లే తీశారు. ఆ అయిదూ కాస్తా 357 అయ్యాయి.

ఇందులో మన ఆడవాళ్లకి వెంటనే తట్టేది ఒకటుంది. పద్దెనిమిదేళ్లు నిండితే పిల్లలు ఇల్లు వదిలిపోయే దేశం కదా అది? ఈ యూయింగులు మాత్రం అత్తా మామా, ఇద్దరు కొడుకులూ, ఇద్దరు కోడళ్లూ, మనవరాలూ అంతా ఒకే కప్పు కింద! పొద్దున్నే అందరూ ఒక బల్ల దగ్గర చేరి ఫలహారం చేస్తూ ఒకరినొకరు పొడుచుకుంటారు. ఉమ్మడి కుటుంబం లేని దేశంలో అన్నిటికన్నా పెద్ద సీరియల్ ఉమ్మడి కుటుంబం మీద వచ్చింది. ఆ కిటుకు మనవాళ్లకి ఎవరూ నేర్పక్కర్లేదనుకోండి.

ఇక తుపాకీ కథ. 1979-80 సీజన్‌కి తీయాల్సిన ఎపిసోడ్లు అయిపోయాయి. సీరియల్ బాగా ఆడుతోంది కాబట్టి ఇంకొన్ని తీయండి అని సీబీఎస్ ఛానెల్ వాళ్లు అడిగారు. కథ అప్పటికే ముడిపెట్టేసి కూచున్న రచయితలు, ఇప్పుడేం చేద్దాంరా అని తల పట్టుకుని, చివరికి జె.ఆర్.ని కాల్చేద్దాం అన్నారు. ఎవరు కాలుస్తారో తర్వాత చూసుకుందాం అన్నారు. పెద్ద పన్నాగమేం కాదండీ. బంధువులు చెప్పకుండా వస్తే పులుసులో నీళ్లు కలిపినట్టు, అదనపు ఎపిసోడ్ల కోసం చేసిన సర్దుబాటు. 1980 మార్చి 21న రాత్రి ఆఫీసులో ఒంటరిగా ఉన్న జె.ఆర్. మీద రెండు గుళ్లు పేలాయి. పేల్చినవాళ్ల మొహం చూపించలేదు. సీజన్ అయిపోయింది.

జనం సెప్టెంబరు దాకా ఆగుదాం అనుకున్నారు. ఈలోగా నటీనటులంతా సమ్మె కట్టారు, షూటింగులు ఆగిపోయాయి. ఇటు హాగ్‌మన్ కూడా తక్కువ తినలేదు, జీతం పెంచకపోతే రానని కూచున్నాడు. తూటా తగిలి పడి ఉన్న మనిషి బేరమాడితే ఎవరు కాదంటారు! పెంచారు. లండన్‌లో పందేలు కట్టారు. అది అమెరికాలో ఎన్నికల ఏడాది. జె.ఆర్.ని కాల్చింది డెమొక్రాటే అని రిపబ్లికన్లు బిళ్లలు చేయించి చొక్కాలకి పెట్టుకున్నారు. రహస్యం బయటికి పొక్కకుండా రకరకాల మనుషుల చేత కాల్పించి తీసిపెట్టారు. చివరికి నవంబరు 21, శుక్రవారం రాత్రి తేల్చారు. కాల్చింది క్రిస్టిన్, జె.ఆర్. భార్య సూ ఎలెన్‌కి స్వయానా చెల్లెలు. అంటే ఆయన మరదలు.

మా అల్లుడికి ఇదంతా కారులోనే చెప్పేశాను. "మరి ఇంకెందుకు అత్తయ్యగారూ వెళ్లడం, తేలిపోయిందిగా" అన్నాడు. పిల్లవాడు మంచివాడే, లోకజ్ఞానం తక్కువ.

లోపలికి వెళ్లాక మొదటి ఆశాభంగం ఏమిటంటే, ఇల్లు చిన్నది. మరీ చిన్నదని కాదు, టీవీలో చూసినంత కాదు. ఈత కొలనైతే నాలుగు చేతులు వేస్తే అవతలి గట్టు. అంతా కెమెరా మహిమ. ఇంటి లోపల జరిగే సన్నివేశాల్లో చాలావరకు కాలిఫోర్నియా స్టూడియోలో తీశారట. అయినా వచ్చినవాళ్లకి అవేం పట్టలేదు. అద్దాల పెట్టెలో జె.ఆర్.ని కాల్చిన తుపాకీ పెట్టారు. దాని ముందు జనం తీర్థం పుచ్చుకోవడానికి నిలబడ్డట్టు ఒబ్బిడిగా వరసలో నిలబడ్డారు. నా ముందు ఒక పెద్దావిడ, డెబ్బై దాటి ఉంటాయి, పక్కన నిలబడ్డ మనవరాలికి చెబుతోంది. కథ కాదు, అంకెలు. "యాభై మూడు పాయింట్ మూడు, షేర్ డెబ్బై ఆరు!" మన వాళ్లు తిథీ వారం నక్షత్రం తడుముకోకుండా చెప్పినట్టు చెప్పింది. మనవరాలు ఫోన్లో ఏదో చూసుకుంటోంది.

నేను ముప్పై రెండేళ్లు లెక్కలు చెప్పినదాన్ని. అంకె వినబడితే ఆగలేను. మీరు కూడా కాస్త ఓర్చుకోండి, ఇందులో గమ్మత్తుంది.

మా వీధి తీసుకోండి. 100 ఇళ్లు, అన్నింట్లోనూ టీవీ ఉందనుకుందాం. రాత్రి 30 ఇళ్లవాళ్లు పడుకున్నారో, పెళ్లికి వెళ్లారో, టీవీ కట్టేసి ఉంది. తక్కిన 70 ఇళ్లలో నడుస్తోంది. ఆ 70లో 53 ఇళ్లవాళ్లు మన సీరియల్ చూస్తున్నారు. వీధి మొత్తం మీద నూటికి 53, అది రేటింగు. నడుస్తున్న టీవీల మీద లెక్కేస్తే 70కి 53, అంటే నూటికి దాదాపు 76, అది షేరు. జె.ఆర్.ని కాల్చిందెవరో తేలిన రాత్రి అమెరికా దేశమంతా సరిగ్గా మా వీధిలాగే ఉంది. అప్పటికి అక్కడ టీవీ ఉన్న ఇళ్లు 7 కోట్ల 80 లక్షల దాకా. అందులో 4 కోట్ల పైచిలుకు ఇళ్లు ఒకే దృశ్యం చూశాయి. మనుషుల లెక్కన 8 కోట్ల 30 లక్షల మంది అన్నారు. ఆ నెల మొదట్లోనే అధ్యక్ష ఎన్నికల్లో ఓటేసినవాళ్లు 8 కోట్ల 65 లక్షలు. అంటే రీగనా కార్టరా అన్న సంగతీ, మరదలా ఇంకొకరా అన్న సంగతీ ఆ దేశానికి ఇంచుమించు సమానం.

ఆ 4 కోట్ల ఇళ్లూ ఎవరు తిరిగి చూశారు? ఎవరూ తిరగలేదు. షికాగోలో ఆర్థర్ నీల్సన్ అనే ఆయన పెట్టిన కంపెనీ ఉంది. 1950 నుంచి టీవీ లెక్కలు వాళ్లవే. దేశం మొత్తానికి అప్పట్లో వాళ్లు పెట్టెలు బిగించింది అటూ ఇటూగా 1200 ఇళ్లలో. టీవీ ఎప్పుడు పెట్టారు, ఏ ఛానెల్ పెట్టారు అన్నది ఆ పెట్టె రాసుకునేది. 1200 ఇళ్లు చూసి కోట్ల ఇళ్ల సంగతి చెప్పడమా అని ముక్కున వేలేసుకోకండి. అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి కుండంతా పిసుకుతామా? ఒక్క మెతుకు పట్టి చూస్తాం. అయితే వంట చేసిన ఎవర్నడిగినా చెబుతారు, మెతుకు ఎక్కణ్నుంచి తీశావన్నదే అసలు సంగతి. పైన మెతుకు పలుకుగానే ఉంటుంది, అడుగున మాడుతూ ఉంటుంది. కలిపి తీస్తేనే లెక్క. నీల్సన్‌తో ఛానెళ్లవాళ్లు ఏళ్ల తరబడి పడ్డ పోట్లాటంతా ఈ కలపడం దగ్గరే.

ఇంకో లోపం ఉంది. ఆ పెట్టెకి టీవీ కనబడుతుంది గానీ మనిషి కనబడడు. టీవీ ముందు ఇల్లాలు కన్నీళ్లు పెట్టుకుంటోందా, లేక టీవీని దాని మానాన వదిలేసి దొడ్లో బట్టలు ఆరేస్తోందా, దానికి తెలియదు. 1987లో మీటరు మార్చి, ఇంట్లో ఎవరెవరు చూస్తున్నారో వాళ్లే మీట నొక్కి చెప్పేట్టు చేశారు. మీట నొక్కడం మరిచిపోయి నిద్రపోయినవాళ్ల సంగతి అప్పుడూ అంతే.

ఇంత చేసీ ఈ అంకె ఎవరి కోసం? ప్రకటనలు ఇచ్చేవాళ్ల కోసం. సబ్బుల కంపెనీకి ఎన్ని ఇళ్లు చూపిస్తే అంత డబ్బు. రేటింగంటే సంతలో పలికే ధర. అభిమానులు ఆ ధరని తమ మార్కుల కాగితంలా జేబులో పెట్టుకు తిరుగుతారు. పర్లాకిమిడి సంతలో గేదె, నాకు ఇంత పలికిందని తోక ఊపుకుంటూ చెప్పుకున్నట్టు! నవ్వకండి, నేనూ ఆ మందలో గేదెనే.

మనకిది కొత్తా చెప్పండి? మా అన్నయ్య ఏ సినిమా ఎన్ని సెంటర్లలో 100 రోజులు ఆడిందో, ఏది డైరెక్టో, ఏది షిఫ్టింగో వేళ్లమీద చెప్పేవాడు. పదో తరగతిలో ఎక్కాలు మాత్రం రాలేదు. ఆ డబ్బు నిర్మాతకి పోయింది, డిస్ట్రిబ్యూటరుకి పోయింది, మా అన్నయ్యకి చిరిగిన చొక్కా మిగిలింది. అయినా ఆ 100 రోజులూ మా అన్నయ్యవే. నాతో పాటు ఇంకా వేలమందికి నచ్చింది, నేను వెర్రివాణ్ని కాదు అని చెప్పుకోవడానికి ఆ అంకె ఒక సాక్షి సంతకం. తుపాకీ ముందు నిలబడ్డ ఆ పెద్దావిడ మనవరాలికి చూపిస్తున్నదీ ఆ సంతకమే.

సంతకం లేనంత మాత్రాన దస్తావేజు దొంగది కాదనుకోండి. సరిగ్గా డాలస్ వైభవంగా వెలుగుతున్న రోజుల్లోనే, 1981 జనవరిలో, ఎన్‌బీసీలో హిల్ స్ట్రీట్ బ్లూస్ అని పోలీస్ స్టేషన్ కథ మొదలైంది. రేటింగుల పట్టికలో మొదటి సీజన్ అట్టడుగున పడి ఉంది. లెక్కప్రకారం ఎత్తెయ్యాలి. ఎత్తెయ్యలేదు. ఆ ఏడాది ఎనిమిది ఎమ్మీ అవార్డులు కొట్టింది. చూసేవాళ్లు తక్కువే అయినా చదువుకుని నాలుగు డబ్బులున్నవాళ్లని కనిపెట్టారు, కార్లు అమ్మేవాళ్లకి వాళ్లే కావాలి. తర్వాత వచ్చిన పోలీసు కథలన్నీ దాని పిల్లలేనంటారు. మొత్తానికి అడుగున ఉన్న మెతుకు కూడా ఒక్కోసారి బాగా ఉడుకుతుంది.

పైన ఉన్నవాళ్ల తిప్పలు వేరు. నవంబరు, ఫిబ్రవరి, మే నెలల్లో దేశంలోని ఊరూరా లెక్క తీసేవాళ్లు. స్వీప్స్ అనేవాళ్లు. ఆ లెక్కని బట్టి ఊళ్లలో స్టేషన్లవాళ్లు ప్రకటనల రేట్లు కట్టేవాళ్లు. అందుకని ఆ నెలల్లో పెళ్లిళ్లు, చావులు, కారు ప్రమాదాలు, కవలపిల్లలు, అన్నీ అప్పుడే. ఏబీసీ వాళ్ల డైనస్టీ అయితే 1985 మేలో ఒక రాజకుమారుడి పెళ్లిమంటపంలోకి తుపాకులవాళ్లని పంపి పాత్రలన్నిటినీ నేలమీద పడుకోబెట్టింది. ఆ సీజన్లో అమెరికాలో నంబర్ వన్ అదే. సెప్టెంబరులో చూస్తే దాదాపు అందరూ దుమ్ము దులుపుకుని లేచారు. మన సీరియళ్లలో పెళ్లి మూడు వారాలు ఎందుకు సాగుతుందో, తాళి కట్టే సమయానికి ఆపండీ అని ఎవరు అరుస్తారో మీకు వేరే చెప్పాలా?

డాలస్ వాళ్లు చేసిన పాపం మాత్రం నేను క్షమించలేదు. బాబీ వేషం వేసిన పాట్రిక్ డఫీ ఇంక చాలనుకుని వెళ్లిపోతానన్నాడు. 1985 మేలో కారు కింద పడి బాబీ చనిపోయాడు. ఆసుపత్రిలో చుట్టూ అంతా నిలబడి ఏడ్చారు, ఇళ్లలో జనం ఏడ్చారు. పమేలాకి జీవితమంతా తారుమారైంది. ఏడాది గడిచింది. బాబీ లేని డాలస్‌కి రేటింగు జారింది. రావయ్యా బాబూ అని హాగ్‌మనే వెనకపడ్డాడు. వస్తానన్నాడు సరే, చచ్చినవాణ్ని ఎలా తేవాలి? 1986 మే 16న పమేలా నిద్ర లేచింది. స్నానాలగదిలో నీళ్ల చప్పుడు. తలుపు తీస్తే లోపల బాబీ, వొంటికి సబ్బు రాసుకుంటూ, గుడ్ మార్నింగ్ అన్నాడు! ఏం జరిగిందో సెప్టెంబరులో చెప్పారు. ఆ ఏడాదంతా పమేలాకి వచ్చిన కలట.

ఏడాది పొడుగునా, వారం వారం చూసి మనం పెట్టుకున్న కన్నీళ్లో? అవి కలలోవి కాదు కదా! అంకె కోసం ఏమైనా చెయ్యవచ్చుననడానికి అంతకన్నా దాఖలా అక్కర్లేదు. గమ్మత్తు ఇంకోటి వినండి. వీళ్లకి నాట్స్ లాండింగ్ అని పిల్ల సీరియల్ ఒకటుంది, యూయింగుల నడిమి కొడుకు, బాబీకి స్వయానా అన్నయ్య గ్యారీ అందులో ఉంటాడు. అక్కడ గ్యారీ తమ్ముడి చావుకి ఏడ్చేశాడు, కథ అక్కణ్నుంచి ముందుకు నడిచిపోయింది. వాళ్లు మాకు కల్లేదు గిల్లేదు పొమ్మన్నారు. దాంతో అమెరికాలో ఒకే మనిషి గురువారం రాత్రి చచ్చిపోయి ఉండేవాడు, శుక్రవారం రాత్రి స్నానం చేసి తిరుగుతుండేవాడు. మైలవారాలూ శుద్ధివారాలూ మన పంచాంగంలోనే ఉంటాయనుకున్నాను.

పాత అభిమానులు ఇప్పుడు బాధపడేది ఒకటే, ఆ అంకెలు మళ్లీ రావని. నిజమే. 1983 ఫిబ్రవరి 28న మాష్ అనే ఇంకో సీరియల్ ఆఖరి భాగం 10 కోట్ల 59 లక్షల మంది చూశారు. 2019లో బిగ్ బ్యాంగ్ థియరీ ఆఖరి భాగం చూసింది ఒక కోటీ 80 లక్షలు, దానికే అంతా ఆహా అన్నారు. జనానికి కథలమీద ప్రేమ తగ్గి కాదండీ. అప్పుడు మూడే దుకాణాలు, సీబీఎస్, ఎన్‌బీసీ, ఏబీసీ. ఊరికి మూడే హోటళ్లుంటే ఇడ్లీ ఎలా ఉన్నా బల్లలు నిండుతాయి. నేను లెక్కలదాన్ని కాబట్టి ఈ మాట అనక తప్పదు. ఆ 53.3లో డాలస్ గొప్ప ఎంతో, తక్కిన రెండు హోటళ్లలో ఆ రాత్రి ఇడ్లీ ఎంత పాచిపోయిందో విడదీసి చెప్పే పెట్టె నీల్సన్ దగ్గర కూడా లేదు.

ఆ మాటకొస్తే మనకి ఒకే హోటలు! 1984 జులై 7న దూరదర్శన్‌లో హమ్ లోగ్ మొదలైనప్పుడు పోటీ ఎవరు? గోడమీద బల్లి. నూటయాభైకి పైగా భాగాలు. చివర్లో అశోక్ కుమార్ వచ్చి హిందీలో ఏదో చెప్పేవాడు, మాకు సగం అర్థమయ్యేది కాదు, అయినా తలలూపేవాళ్లం. 1987లో ఆదివారం పొద్దున్న రామాయణం వస్తే మా వీధికంతటికీ ఒక్క టీవీ, మేడమీదవాళ్లది. హాల్లో ముప్పై మందిమి, కిటికీకి పది మంది, గుమ్మంలో చెప్పులకి లెక్క లేదు. నీల్సన్ పెట్టె అక్కడ బిగించి ఉంటే ఎంత రాసుకునేది? ఒక ఇల్లు అని రాసుకునేది. అంతే! ఆ రామాయణమే 2020లో కరోనా రోజుల్లో మళ్లీ వేసి, ఏప్రిల్ 16న ఒక్కరోజే 7 కోట్ల 70 లక్షల మంది చూశారని దూరదర్శన్ చాటింపు వేసింది. అందులో నేనూ ఉన్నాను. హాల్లో నేనూ మావారూ ఇద్దరమే. కిటికీ దగ్గర ఎవరూ లేరు.

ఇప్పుడు మన దేశంలో ఈ లెక్క బార్క్ అనే సంస్థది, 2015 నుంచి. మన చెవికి వినపడని గుర్తు ఒకటి ఛానెల్ శబ్దంలోనే కలిపేస్తారు, మీటరు దాన్ని పట్టుకుంటుంది. మీటరున్న ఇళ్లు ఏవో బయటికి చెప్పరు. తెలిస్తే ఆ ఇంటికి పండగే కదా, ఛానెళ్లవాళ్లు చీరలు పట్టుకుని వస్తారు. లెక్క గురువారం బయటికొస్తుంది. కార్తీక దీపం సీరియల్ నడిచిన రోజుల్లో గురువారం రాగానే అందులో నాయిక వంటలక్క ఎంత కొట్టిందని మగవాళ్లు కూడా అడగడం నేను విన్నాను. సీరియలంటే ఆడవాళ్ల ఏడుపని వెక్కిరించేవాళ్లే, అంకె అనేసరికి క్రికెట్ స్కోరయిపోతుంది వాళ్లకి.

నా సంగతి చెబుతానన్నాను కదూ. 2008లో జెమినీలో మొగలి రేకులు మొదలైంది. అప్పటికే ఋతురాగాలూ చక్రవాకమూ తీసిన మంజులా నాయుడుది. 2013 దాకా అయిదేళ్లు. ఆ అయిదేళ్లూ ఆ అరగంట మా ఇంట్లో ఫోన్ మోగితే నేను తియ్యలేదు. మా ఆడపడుచు కూతురి సంబంధం కుదిరిందన్న కబురు కూడా ప్రకటనలు వచ్చినప్పుడే విన్నాను. ఒకరోజు సరిగ్గా ముడి విడే సమయానికి కేబుల్ పోయింది. కేబుల్ అబ్బాయికి ఫోన్ చేస్తే తియ్యడు. చెప్పులు కూడా వేసుకోకుండా మూడో ఇంటికి పరిగెత్తాను. వాళ్లదీ పోయింది. వాళ్లావిడా నేనూ నాలుగో ఇంటికి పోతే వాళ్లు అప్పటికే రోడ్డుమీద ఉన్నారు. ఆ రాత్రి వీధిలో స్తంభం లైటు కింద ఏడుగురు ఆడవాళ్లం నిలబడి, ఏం జరిగి ఉంటుందో ఎవరికి తోచినట్టు వాళ్లం చెప్పుకున్నాం. ఏడు రకాల కథలొచ్చాయి. మర్నాడు అసలుది చూస్తే మా ఎదురింటావిడ చెప్పిందే బాగుందనిపించింది. ఆ వారం దాని టీఆర్పీ ఎంతో నాకు అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు. మా వీధిలో మాత్రం ఆ రాత్రి సున్నా. టీవీలన్నీ గుడ్డివి కదా!

ఈ స్తంభం కింద సంగతే సౌత్‌ఫోర్క్‌లో ఆ పెద్దావిడకి చెప్పాను. తుపాకీ దగ్గర్నుంచి బయటికొచ్చి ట్రామ్ కోసం బెంచీ మీద కూచున్నాం. నా ఇంగ్లీషు ఆవిడకి, ఆవిడ టెక్సస్ యాస నాకు సగం సగం అందుతున్నాయి. 1980లో ఆ రాత్రి మీరెక్కడున్నారు అని అడిగాను. యాభై మూడు పాయింట్ మూడు అని మొదలుపెట్టబోయి ఆగింది. ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ నర్సుగా ఉన్నానంది. వార్డులో ఒక్క టీవీ, పేషెంట్ల మంచాలన్నీ దానివైపు తిప్పి, తాను గుమ్మంలో నిలబడి చూసిందట. క్రిస్టిన్ అని తేలగానే కాలు విరిగిన ముసలాయన ఒకాయన "నేను ముందే చెప్పాను!" అని మంచం మీద లేచి కూచున్నాడట. చెబుతూ చెబుతూ పొట్ట పట్టుకుని నవ్వింది. మనవరాలు మొదటిసారి ఫోన్ పక్కన పెట్టి, "ఇది నాకెప్పుడూ చెప్పలేదేం గ్రాండ్‌మా?" అంది.

ఇంతకీ మీ సీరియల్ కథేమిటి అని ఆవిడ నన్నడిగింది. అడగడమే ఆలస్యం. మొగలి రేకులమ్మా, అందులో ఆర్.కె. నాయుడని ఒక పోలీసాఫీసరు అని అందుకున్నాను. ట్రామ్ వచ్చింది, ఎక్కాం. గుర్రాల కొట్టం వచ్చింది, పొడవు కొమ్ముల ఆవులు వచ్చాయి, ఏవీ చూడలేదు. ఆవిడ మధ్యమధ్యలో "ఓ మై!" అంటోంది, మనవరాలు కూడా ఇటు తిరిగి కూచుంది. ట్రామ్ దిగాక గేటు దగ్గర మా అల్లుడు చంకలో పసివాణ్ని పెట్టుకుని నిలబడి ఉన్నాడు. "అత్తయ్యగారూ, వీడు ఆకలికి ఏడుస్తున్నాడు, మీ అమ్మాయి రెండుసార్లు ఫోన్ చేసింది, బయల్దేరదామా?" అన్నాడు.

"ఒక్క అయిదు నిమిషాలు ఆగు బాబూ," అన్నాను, "ఇంకా సెల్వస్వామి దగ్గరికే రాలేదు."